బాద్‌షా చొక్కా

నిన్న పొద్దున నర్సింగ్ కొడుకు శ్రీకాంత్ ఫోన్ చేశాడు.

"అంకుల్, బాపు లేడు."

నాకు అర్థం కాలేదు. మొన్న సాయంత్రమే నర్సింగ్ నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి వచ్చాడు. జున్నుపాలు ఇచ్చాడు. టీ తాగి వెళ్లాడు.

ఆ గిన్నె ఇంకా మా ఫ్రిజ్‌లోనే ఉంది.

పాలు పిండి వచ్చి మంచం మీద కూర్చున్నాడట. భార్య యాదమ్మ టీ తెచ్చేసరికి ఒరిగిపోయి ఉన్నాడట. హార్ట్ ఎటాక్ అన్నారు.

సికింద్రాబాద్‌లో సదర్ చూసేవాళ్లకు నర్సింగ్ గురించి చెప్పక్కర్లేదు. మా ఊరివాళ్ల కోసం చెబుతున్నాను.

దీపావళి వెళ్లాక ఇక్కడ సదర్ పండుగకు దున్నపోతులకు నూనె రాసి, గవ్వలు, పూలదండలు కట్టి ఊరేగిస్తారు. తీన్‌మార్ డప్పు మోగుతుంటే పోతు వెనక కాళ్ల మీద లేచి నిలబడాలి. దాని పగ్గం పట్టడం అందరివల్లా కాదు.

నర్సింగ్ మీసాలు రాకముందే పట్టాడు. మొదట వాళ్ల నాన్న పెంచిన పోతు. తర్వాత తను పెంచినవి. ఆఖరిది బాద్‌షా.

కర్ర పట్టేవాడు కాదు. మెడ మీద చెయ్యి వేసి "లే బేటా" అనేవాడు, అంతే. అది లేచేది.

దెబ్బలు చాలా తిన్నాడు. ఒకసారి పక్కటెముకలు విరిగాయి. ఇంకోసారి ఎడమచేతి ఉంగరం వేలు పగ్గంలో పడి తెగిపోయింది. ఆసుపత్రికి వెళ్తే నన్ను చూసి నవ్వాడు.

"మంచిగైందన్నా. ఇగ ఉంగరం ఏడ పోగొట్టినవని యాదమ్మ అడగది."

నేను రైల్వేలో పనిచేసే రోజుల్లో చిలకలగూడలో పక్కపక్క ఇళ్లు మావి. నేను మాట్లాడను. అతను ఆపడు. అందుకే కుదిరింది.

తర్వాత కొట్టం కాప్రాకు మార్చాడు. సదర్‌కు మాత్రం బాద్‌షాను చిలకలగూడకే తెచ్చేవాడు.

ఒక ఏడు కూతురు పట్టు లాల్చీ పంపింది. అది వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చాడు. పెళ్లికొడుకులా ఉన్నావన్నాను.

జనం మధ్యకు వచ్చాక బాద్‌షా ఆగిపోయింది. లే బేటా అంటే లేవలేదు. తల విదిల్చింది. పగ్గం లాక్కుని పక్కకు తిరిగింది. పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్లు వెనక్కి పరిగెత్తారు. ముసలోనికి ఇగ చాతగాదని ఎవడో అరిచాడు.

నర్సింగ్ పగ్గం వదల్లేదు. దాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ లాల్చీ విప్పి నా మీదికి విసిరాడు. అంతమంది ముందు చెమట బనీనుతో నిలబడ్డాడు.

బాద్‌షా వాసన చూసింది. చెయ్యి నాకింది.

"లే బేటా."

లేచింది. ఈలలే ఈలలు.

"దానికి నా మొఖం ఎర్కలేదన్నా. నా చెమటే ఎర్క" అన్నాడు ఇంటికి వెళ్తూ.

అప్పటి నుంచి ఒకటే గళ్ల చొక్కా. రోజూ కొట్టంలో అదే. సదర్‌కూ అదే. దీపావళి ముందు నెల రోజులు ఉతకనిచ్చేవాడు కాదు. నన్నెందుకు చేసుకున్నవ్, ఆ దున్ననే చేసుకోకపోయినవ్ అని యాదమ్మ తిట్టేది. అందరూ తలపాగాలు చుట్టి, సిల్కు బట్టలు వేసుకుని దిగిన ఫోటోల్లో మనవాడొక్కడే మాసిన చొక్కాతో ఉంటాడు.

నిన్న నేను వెళ్లేసరికి కొట్టంలో బాద్‌షా ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. శ్రీకాంత్ కుడితి బకెట్ తీసుకెళ్తే కొమ్ముతో కొట్టింది. బకెట్ సొట్టపోయింది. ఆ అబ్బాయిది ఆఫీసు ఉద్యోగం, పోతు దగ్గర అలవాటు లేదు. పెద్దకర్మ అయ్యాక దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని బంధువులు అనుకుంటున్నారు. దూడప్పటి నుంచి సీసాతో పాలు పట్టి పెంచిండు, ఎట్ల ఇస్తమని యాదమ్మ ఏడ్చింది.

నర్సింగ్ గుర్తుగా ఆమెకు మిగిలింది అదే.

శవాన్ని లేపేముందు నర్సింగ్ అక్క అతని బట్టలన్నీ మూటగట్టింది, వెంట పంపించాలని. కొట్టంలో మేకుకు వేలాడే గళ్ల చొక్కా కూడా అందులో ఉంది.

నలుగురిలో నోరెత్తే అలవాటు నాకు లేదు. నిన్న ఎత్తాను. ఆ చొక్కా తీసి పక్కన పెట్టమన్నాను.

"పోయినోని బట్టలు ఇంట్ల ఉంచొద్దన్నా. మంచిది కాదు" అంది ఆమె.

"అది నర్సింగ్‌ది కాదమ్మా. బాద్‌షాది" అన్నాను.

యాదమ్మే లేచి మూట విప్పి చొక్కా తీసి శ్రీకాంత్ చేతికిచ్చింది.

ఈ రోజు పొద్దున మళ్లీ వెళ్లాను. శ్రీకాంత్ ఆ చొక్కా వేసుకున్నాడు. వాడికి వదులు. కొట్టం గుమ్మం దగ్గర కాసేపు ఆగి, లోపలికి వెళ్లాడు. నేను, యాదమ్మ బయట నిలబడ్డాం.

బాద్‌షా బుస కొట్టింది. అడుగు ముందుకు వేసింది. శ్రీకాంత్ కదల్లేదు. అది ముట్టె తెచ్చి వాడి చంకలో పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

తర్వాత కుడితి తాగింది. సొట్ట బకెట్‌లోనే.

శ్రీకాంత్ బయటికి వచ్చాడు. భుజమంతా చొంగ.

"నన్ను కాదంకుల్, బాపును గుర్తుపట్టింది" అన్నాడు.

ఈ రోజుకు అది చాలన్నాను. రోజూ వేసుకో, నీ చెమట కూడా అందులో కలుస్తుందని చెప్పాను.

ఈ ఏడు వాళ్లింట్లో సదర్ లేదు. వచ్చే ఏడు సంగతి తెలియదు. బాద్‌షాను ఇచ్చేసే మాట మాత్రం ఈ పొద్దున ఎవరూ ఎత్తలేదు.

నర్సింగ్, పగ్గం మీ వాడి చేతిలో ఉంది. నువ్వు వదిలెయ్.

వెళ్లు తమ్ముడూ. ఇక ఏ దెబ్బా తగలని చోట హాయిగా పడుకో.