నా గుండె చప్పుడు నేనే విన్న రోజు

నాకు పన్నెండో ఏట మోకాళ్లు వాచాయి. నిజాం రాజ్యం పోయి నాలుగైదేళ్లయిన కాలం. మేం తాండూరులో ఉండేవాళ్లం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయిన బండల గనిలో లెక్కలు రాసే మున్షీ. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు, కనుబొమ్మల మీద కూడా రాతిదుమ్ముతో ఇల్లు చేరేవాడు.

ముందు గొంతునొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలకు ఒక మోకాలు వాచింది. అది తగ్గేసరికి రెండోది, తర్వాత మణికట్టు. ఒళ్లు కాలిపోయేది. చింతాకు వేడిచేసి కట్టారు, తాయెత్తు కూడా కట్టించారు. వాపులు పోయాయి కానీ ఒకనాడు బడికి నడుస్తుంటే ఊపిరి అందక దారిలోనే కూర్చుండిపోయాను. మర్నాడు నాయిన గనికి పోకుండా నన్ను రైల్లో వికారాబాదు తీసుకుపోయాడు.

అక్కడ స్టేషనుకు దగ్గర్లో ఒక ముసల్మాను డాక్టరు ఉండేవాడు. పెద్దాయన, మాట నెమ్మది. నా ఛాతీ మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"కీళ్ల జ్వరం గుండెకు తగిలింది," అన్నాడు నాయినతో. "ఆర్నెల్లు మంచం దిగొద్దు. ఉరుకుడు లేదు, మెట్లెక్కుడు లేదు. వారం వారం నేను చూడాలె."

నాయినకు గని పని తప్పదు. అందుకని వికారాబాదులోనే మేనత్త ఇంట్లో నన్ను ఉంచి, ఆదివారం వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

అత్తకు పిల్లలు లేరు. మామ తాలూకా కచేరీలో గుమాస్తా. వీధి వైపున్న చిన్న అర్రలో నాకు మంచం వేశారు. కిటికీలోంచి ఎదురింటి గోడ, కొంచెం ఆకాశం కనిపించేవి. పైన పదకొండు వాసాలు. వాటిని ఎటు నుంచి లెక్కపెట్టినా పదకొండే. కూత విని అది హైదరాబాదు పోయే బండో, తాండూరు వైపు పోయే బండో చెప్పడం నేర్చుకున్నాను. తాండూరు బండి కూసినప్పుడు గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

మొదటి వారం పక్కింటి పిల్ల వచ్చేది. నా ఈడుదే. మంచం మీద సుద్దతో గీసిన పలక పెట్టుకుని చింతగింజలతో ఆడేవాళ్లం. ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు కిటికీ బయట వాళ్లమ్మ గొంతు వినిపించింది.

"గా పిల్లకు ఛాతీ బీమారంట. గుట్ట మీది దవాఖానల ఉన్నోళ్లకు వచ్చేటిదే గది. మల్ల గా ఇంటి గడప తొక్కినవో, కాళ్లిరగ్గొడ్త."

అనంతగిరి గుట్ట మీద క్షయరోగులను ఉంచేవారు. ఆ ఊళ్లో ఛాతీ జబ్బంటే అందరికీ అదే గుర్తుకొచ్చేది. కొన్నాళ్లకు నా గ్లాసు, నా పళ్లెం వేరయ్యాయి. గ్లాసుకు గుర్తుగా అత్త ఎర్రదారం కట్టింది. అన్నం తెచ్చి గడప లోపల పెట్టి, "తిను బిడ్డా" అని వెనక్కి జరిగేది. ఆమె చెడ్డది కాదు. తన చెల్లెలు రక్తం కక్కి పోవడం కళ్లారా చూసింది. అది తెలిసినా, మంచం దిగి ఆ పళ్లెం తెచ్చుకున్నప్పుడల్లా సగం అన్నం వదిలేసేదాన్ని. నేను కూడా అదే జబ్బనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

నాలుగో వారమో ఐదో వారమో, నన్ను చూడటానికి వచ్చిన డాక్టరు ఆ గ్లాసును గమనించాడు.

"గీ దారం ఏందమ్మా?"

అత్త తల వంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకు అర్థమైంది. గ్లాసు నా చేతికిచ్చి, "జర తాగు బేటీ," అన్నాడు. నేను సగం తాగాను. మిగిలిన సగం ఆయన తీసుకుని అత్త చూస్తుండగా తాగేశాడు.

"గిది క్షయ కాదు. గుండె సంగతి. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఫికర్ చెయ్యకుండ్రి."

తర్వాత మంచం మీద కూర్చుని ఆ గొట్టం కొసలు నా చెవుల్లో పెట్టి, గుండ్రటి బిళ్లను నా ఎడమ రొమ్ము కింద ఆనించాడు. అంత చప్పుడు నా లోపల ఉందని నాకప్పటిదాకా తెలియదు.

"ఏం వినొస్తున్నది?"

"లబ్... డబ్ అంటున్నది. నడుమ ఉస్సుమంటున్నది."

ఆయన మందు చీటీ వెనక పెన్సిలుతో బొమ్మ గీశాడు. "నీ పిడికిలి ముయ్యి. గంతే ఉంటది గుండె. లోపట నాలుగు అర్రలు. పైన రెండు, కింద రెండు. ఒళ్లంత తిరిగి వాడిపోయిన నెత్తురు కుడి దిక్కు పై అర్రకొస్తది. కిందికి దిగి ఊపిరితిత్తులకు పోతది. ఆడ మంచి గాలి పట్టుకొని ఎడమ దిక్కు పై అర్రకొస్తది. మల్ల కిందికి దిగుతది. గా కింది అర్ర గోడ మస్తు మందం. ఎందుకు?"

నేను నా పిడికిలి వంక చూసుకున్నాను.

"నీ నెత్తి నుంచి కాళ్ల దాక తోలవలె గద."

అర్రల మధ్య, నెత్తురు గుండె దాటే చోట్ల మొత్తం నాలుగు తలుపులున్నాయనీ, అవి ఒకవైపే తెరుచుకుంటాయనీ చెప్పాడు. వాటిలో పై అర్రలకూ కింది అర్రలకూ నడుమ ఉన్న రెండూ మూసుకుంటే మొదటి చప్పుడు, బయటికి పోయే దారుల్లోవి మూసుకుంటే రెండోది. ఎడమ అర్రల మధ్య తలుపు జ్వరానికి దెబ్బతిని నాకు సరిగ్గా మూసుకోవడం లేదు. కొంచెం నెత్తురు వెనక్కి కారుతోంది. ఆ ఉస్సుమనేది అదే.

"మల్ల నయమైతదా?" అని అడిగాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. "తలుపు మల్ల కొత్తగ కాదు బేటీ. ఇంక పాడు కాకుండ చూసుకోవాలె."

ఆ సాయంత్రం అత్త దారం తెంపేసింది. తన పళ్లెం కూడా తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుంది. ఇద్దరం కలిసి తిన్నాం. పక్కింటి పిల్ల మాత్రం రాలేదు. డాక్టరు నీళ్లు తాగిన సంగతి వీధంతా తెలిసినా రాలేదు. బొగ్గుతో గోడ మీద నాలుగు అర్రలు గీసి, నెత్తురు పోయే దారిని వేలితో చూపిస్తూ ఎవరూ లేని అర్రలో పాఠం చెప్పుకునేదాన్ని.

ఆదివారం వచ్చిన నాయినకు అంతా చెప్పాను. "విను నాయినా," అని ఆయన తలను నా వీపుకు ఆనించుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"నాకేం వినొస్తలేదు బిడ్డా," అన్నాడు చివరికి, తప్పు చేసినవాడిలా. గనిలో సుత్తెల మోతకు ఆయన చెవులు మందగించాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఎనిమిది నెలలకు తాండూరు తిరిగి వచ్చాను. నా జతవాళ్లు పై తరగతికి పోయారు. చిన్నపిల్లల మధ్య వెనక బల్ల మీద కూర్చున్నాను. డ్రిల్లు పీరియడ్‌లో అందరూ మైదానంలో ఉంటే నేను వరండాలో వాళ్ల చెప్పులకు కాపలా. జ్వరం తిరగబెట్టకుండా నెలనెలా వేసే సూది తప్పేది కాదు. ఈడొచ్చాక పెళ్లి చూపులు ఒక్కసారే జరిగాయి. అత్త చెప్పొద్దని సైగ చేస్తున్నా, గుండె సంగతి నేనే చెప్పేశాను. వాళ్లు చాయ్ తాగి మర్యాదగా లేచి వెళ్లిపోయారు. తర్వాత రెండేళ్లకు నాయిన పోయాడు.

పంతొమ్మిదివందల అరవైల్లో తాండూరులోనే ఆడపిల్లల బడిలో సైన్సు టీచరునయ్యాను. గుండె పాఠం వచ్చిన రోజు కటికాయన దగ్గర మేకగుండె అడిగి తెచ్చి, పీట మీద పెట్టి బ్లేడుతో కోశాను. పిల్లలు ముక్కులు మూసుకుంటూనే మీద పడి చూశారు. ఒకమ్మాయి అడిగింది: "టీచర్, ఇది ఎప్పుడు ఆరాం చేస్తది?"

"ఒక దెబ్బకు, ఇంకో దెబ్బకు నడుమ. గంతే దానికి దొరికేది," అన్నాను.

గంట కొట్టగానే అందరూ అన్నాల గిన్నెల దగ్గరికి పరుగెత్తారు. నాలో దెబ్బతిన్న ఆ ఎడమ అర్రల మధ్య తలుపు ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. ఉల్లిపొర కన్నా కాస్త మందం. తెల్లటి సన్నదారాలు దాన్ని కింది గోడకు పట్టి ఉంచాయి. ఇన్నేళ్లూ చెక్కతలుపులా ఊహించుకున్నాను. వేలితో మెల్లగా ఎత్తితే లేచింది, వదిలితే పడింది. బయట పిల్లలు అరుచుకుంటూ తింటున్నారు. నేను పీట ముందు నుంచి లేవలేదు.