యెర్మొలాయ్ రంపం

రష్యా ఉత్తరాన పినేగా అడవుల్లో యెర్మొలాయ్ బతుకంతా ద్రూజ్బా మోటారు రంపంతోనే గడిచింది. దాని అదురుకు వేళ్లు తెల్లబారి మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు కాలుతోందో లేదో తెలిసేది కాదు. భార్య అగాఫ్యా పెత్రోవ్నా ముందు తను పట్టుకు చూసి అతనికిచ్చేది. మొన్న వేసవిలో అతను పోయాడు.

ఎండిన పైన్ చెట్టొకటి పెరట్లో స్నానాల గది మీదికి ఒరిగింది. మంచు పడేలోగా కొట్టకపోతే పైకప్పు దక్కదు. ప్రోఖోర్ వచ్చాడు. యెర్మొలాయ్ కోస్తుంటే పొడవాటి గడకర్రతో చెట్టును తోసేదీ, అది కూలేముందు కేకేసి అతన్ని తప్పించేదీ ఇన్నేళ్లూ ఇతనే. రంపం మాత్రం ఎన్నడూ పట్టలేదు.

"నాకు భయంగా ఉంది పెత్రోవ్నా. ఈ ముసలి రంపం నా మాట వింటుందా?"

"ఆయన మాట మాత్రం ఏం విందిలే! పట్టు. గడకర్ర నేను పడతా."

"నువ్వా? చెట్టును తోస్తావో, నన్నే తోస్తావో!"

"ముందు కొయ్యి. ఎవర్ని తొయ్యాలో తర్వాత చూద్దాం."

రంపం దగ్గి, పొగ కక్కి, గర్జించింది. అగాఫ్యా ఒంట్లో బలమంతా కూడగట్టుకుని గడకర్రతో తోసింది. చెట్టు మొదలు చిటపటమనగానే ప్రోఖోర్ అలవాటుకొద్దీ గొంతు చించుకున్నాడు.

"తప్పుకో, యెర్మొలాయ్!"

రంపం తన చేతిలోనే ఉందన్నది మరిచి, అక్కడే నిలబడిపోయాడు.

"ఆయన ఎప్పుడో తప్పుకున్నాడు! నువ్వు తప్పుకోరా, వెర్రివాడా!"

ప్రోఖోర్ వెనక్కి దూకాడు. పైన్ బంగాళాదుంపల మడి మీద పడింది. పైకప్పుకు గీత కూడా పడలేదు. రంపం ఇంకా ఆడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఇద్దరికీ మనసు రాలేదు.