వెక్కిరింపు పాటకు వయొలిన్లు

పెళ్లిలో వియ్యపురాలిని వెక్కిరిస్తూ మా ఇంటి ఆడవాళ్లు పాడే పాట ఒకటుంది. ఆమె బంతిలో భోజనానికి కూర్చున్నాక పిల్ల తరఫు ఆడవాళ్లం చుట్టూ చేరి పాడతాం. ఆమె ఉడుక్కోవాలి, ఉడుక్కుని మాకు జవాబు చెప్పాలి. అప్పుడుగానీ రెండిళ్లూ కలిసినట్టు కాదు. ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వచ్చినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. అది నాతో ఆగిపోకూడదని, మా తమ్ముడి కూతురి పెళ్లి కుదరగానే పాడించి తీరాలని పట్టుబట్టాను.

పెళ్లికూతురి అన్న నాచారంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఆదివారాలు సింథసైజర్ ముందు కూర్చుంటాడు. మేడమీది గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి దాన్ని స్టూడియో అంటాడు. పాటను అక్కడే రికార్డు చేస్తానన్నాడు.

"అత్తమ్మా, నువ్వు ఉత్తగ పాడు. మిగతాది నేను జూస్కుంట."

పాడాను.

"మా వదినె వచ్చిందంట, మబ్బుల్నే వచ్చిందంట
బువ్వెప్పుడు బెడ్తరని బంతిల గూసున్నదంట"

మబ్బుల్నే అంటే ఇంకా తెల్లారకముందే. తర్వాతి ఆదివారం వినిపించాడు. నా గొంతు కింద వయొలిన్లు పరిచాడు. నిజానికి అవి వయొలిన్లు కావు, వయొలిన్ గురించి ఎవరో చెప్పగా విని చేసిన శబ్దం. స్వరం ఎప్పుడు మొదలైందో తెలియదు, మెల్లగా ఉబ్బుతుంది. ఎప్పుడు అయిపోయిందో తెలియదు, పొగలా వేలాడుతుంది. మీట తిప్పి దాని పదునంతా అరగదీశాడు. నా గొంతును తీసుకెళ్లి గుహలో పడేశాడు. తిండిపోతు వదినె మీది పాట కాస్తా చచ్చిపోయిన వదినె మీది పాటయింది.

"ఏందిరా ఇది? ఎవలు సచ్చిన్రు?"

"ఫీల్ రావాలె గద అత్తమ్మా!"

"ఆమెకు ఆకలైతుందిరా. దానికి గింత ఏడుపెందుకు?"

రాగం మార్చలేదని, ఒక్క మాటా మార్చలేదని వాదించాడు. నిజమే. నాకు రోత పుట్టించిందీ అదే. ఆ స్వరాలనే టక్కున మొదలై టక్కున ఆగిపోయే శబ్దంతో వాయించమన్నాను. ఇంకో బటన్ నొక్కి వాయించాడు. వదినె లేచి కూర్చుంది! వాడికే నవ్వొచ్చింది. ఎగతాళికి మొన ఉండాలి. మెత్తటి శబ్దం ఎవరినీ గుచ్చదు, వినేవాళ్లకు ఎవరి దుఃఖం వాళ్లకు గుర్తుచేసి ఆ ఏడుపును తన గొప్పగా రాసుకుంటుంది. ముక్కులు చీదించడానికి ఒక మీట చాలినప్పుడు, ఆ చీదడాన్ని చూసి సంగీతాన్ని మెచ్చుకోవడం ఎందుకు?

"గిది ఉంచు" అన్నాను. తలూపాడు.

పెళ్లినాడు ఉప్పల్ ఫంక్షన్ హాల్లో వియ్యపురాలు బంతిలో కూర్చుంది. స్పీకర్లలోంచి ఆ పొగే వచ్చింది.

"ఇంట్ల అందరికి రెండూ వినిపించిన అత్తమ్మా" అని మేనల్లుడు నసిగాడు. "గిది వింటే ఏడ్సిన్రు, గది వింటే నవ్విన్రు. నవ్వితే పాట మంచిగలేదన్నట్టే గద?"

వీడికి చెవులు ఎందుకిచ్చాడో ఆ దేవుడు.

మావాళ్లందరూ ఏడుస్తున్నారు. వీడియో అబ్బాయి ఒక్కొక్కరి కన్నీళ్ల దగ్గరికీ కెమెరా తీసుకెళ్తున్నాడు. వియ్యపురాలు కొంగుతో కళ్లద్దుకుంటూ నాతో అంది:

"ఎంత మంచిగ పాడిన్రు వదినె! మా అమ్మ యాదికొచ్చింది."

ఆమెను తిండిపోతు అంటుంటే ఆమెకు అమ్మ గుర్తొచ్చిందట! పాటను బందు చేయించాను. చేతికందిన స్టీలు కంచం మీద గరిటెతో కొడుతూ ఆమె ఎదుటే నిలబడి పాడాను. రెండో పాదానికి ఆమె చేతిలోని బగారన్నం ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఏంది, నన్నేనా?"

"మరెవలను? మబ్బుల్నే వచ్చినోళ్లు ఈడ ఇంకెవలున్నరు?"

"అక్కా, జర ఊకో" అని తమ్ముడు బతిమాలాడు. ఆమె ముఖం ఎర్రబడింది. ముద్దను ఆకులో పెట్టేసింది.

"బువ్వకు రాలే వదినె, మీ కూర్ల ఉప్పు లేదని చెప్పనీకొచ్చిన!"

అటువైపు ఆడవాళ్లు పగలబడి నవ్వారు. జవాబివ్వాల్సిన మావాళ్లకు తర్వాతి చరణం రాదు. తడికళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు. చరణాలన్నీ నేనే పాడాను. అయిపోయాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మల్ల పాడు, నేర్సుకుంట. రేపు నా బిడ్డ పెండ్లిల గా వియ్యపురాలిని గిట్లనే అనాలె."

మావాళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆమెకే నేర్పాను.