రగ్బీలో కూతకెళ్లిన వీరుడు

నా కాళ్లు ఒకసారి ఒక మంచి మనిషి ఉద్యోగం ఊడగొట్టాయి. తప్పు కాళ్లది కాదు, పైనున్న తలదేనని మీరంటారు. ఒప్పుకుంటాను. ఆ తల ఇప్పటికీ నా మెడమీదే ఉంది కాబట్టి, కథ కాస్త జాగ్రత్తగా చెబుతాను.

టెక్సస్‌లో నేను ఎమ్మెస్ చదువుతున్న రోజులవి. మా యూనివర్సిటీ రగ్బీ జట్టు కోచ్ పేరు టెవిటా. టోంగా దీవులవాడు. ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ప్రొఫెషనల్‌గా ఆడాడు. ఒక ఆటలో మెడ ఎముక దెబ్బతింటే డాక్టర్లు ఇక చాలన్నారు. పక్కకి చూడాలంటే భుజాలతో సహా తిరిగేవాడు. ఆడటం పోయాక ఆయనకి నేర్పడమొక్కటే మిగిలింది. ఆ ఉద్యోగం మీదే ఆయన వీసా, భార్య, చిన్న కూతురు.

ఒక సాయంత్రం మేం తెలుగువాళ్లం గడ్డిలో కబడ్డీ ఆడుతుంటే చూశాడు. నేను అందరి చేతుల్లోంచీ తడి సబ్బులా జారిపోతున్నాను.

"ఏం ఆట ఇది?"

"కబడ్డీ, కోచ్. అవతలివాళ్లని ముట్టుకుని, కూత ఆపకుండా వెనక్కి వచ్చెయ్యాలి."

"వెనక్కి రావడం మర్చిపో. ముందుకెళ్లడం నేను నేర్పుతాను. రేపు ప్రాక్టీస్‌కి రా."

రూమ్మేట్ శ్రీను నెత్తి బాదుకున్నాడు. "ఒరేయ్ సూరీ, వాళ్లు ఒక్కొక్కడు ఫ్రిజ్ అంత ఉన్నాడ్రా! నీ ఇన్సూరెన్స్ ఏం కవర్ చేస్తుందో చూసుకున్నావా?"

చూసుకోలేదు. వెళ్లాను. గీత దాటితే సరిపోదనీ, బంతిని నేలకి అదిమితేనే పాయింట్లనీ టెవిటా ఓపిగ్గా చెప్పాడు. నేను ఓపిగ్గా తలూపాను.

ఆ సీజన్ చివరి ఆట గెలిస్తేనే ఆయన కాంట్రాక్ట్ పొడిగిస్తామన్నారు. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు. ఆట ముగిసే వేళకి కాస్తలో వెనకబడి ఉన్నాం. అప్పుడు బంతి నా చేతికొచ్చింది.

పరుగెత్తాను. ఒకణ్ణి తప్పించుకున్నాను, ఇంకొకణ్ణి తప్పించుకున్నాను. ఊపిరి బిగబట్టాను. నాకు తెలియకుండానే నోట్లో "కబడ్డీ, కబడ్డీ" మొదలైంది. ఇక కాళ్లు నా మాట వినడం మానేశాయి. గీత దాటాను. అవతల నేలని కాలితో ముట్టుకున్నాను. ముట్టుకుని, బంతితో సహా వెనక్కి తిరిగాను.

ఎదురొచ్చినవాళ్లు బిత్తరపోయి దారిచ్చారు. ఇదేదో కొత్త ఎత్తు అనుకుని ఉంటారు.

"కింద పెట్టరా! ఒరేయ్, బంతి కింద పెట్టు!" గట్టు మీంచి శ్రీను గొంతు చించుకుంటున్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాడనుకుని ఇంకా జోరు పెంచాను. మైదానం మధ్యదాకా వచ్చి, చేతులెత్తి నవ్వాను. అప్పుడు ఒక ఫ్రిజ్ నామీద పడింది. బంతి ఎటో పోయింది. ఆట అయిపోయింది.

అందరూ అరుస్తున్నారు. టెవిటా ఒక్కడే నడుచుకుంటూ వచ్చి నా పక్కన మోకాళ్లమీద కూర్చున్నాడు.

"కోచ్, నేను..."

"మాట్లాడకు. మెడ కదులుతోందా? మెల్లగా తిప్పు, చూడనీ."

నా మెడ ఎముకల్ని వేళ్లతో ఒక్కొక్కటే తడిమి చూశాడు. స్కోరు బోర్డు వైపు భుజాలు తిప్పనేలేదు.

కాంట్రాక్ట్ పోయింది. ఇల్లు ఖాళీ చేసే రోజు నేనూ శ్రీనూ సామాను ట్రక్కులోకెక్కించాం. ఆయన కూతురు నన్నే చూస్తూ అడిగింది: "బాల్ ఎందుకు వెనక్కి తెచ్చావ్?"

"ఆకలేసి ఇంటికి పరుగెత్తి ఉంటాడమ్మా, వదిలెయ్," అన్నాడు టెవిటా.

కొన్నాళ్లకి ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. వేరే రాష్ట్రంలో ఒక హైస్కూల్లో కోచ్ ఉద్యోగం అడగడానికి వెళ్లాడట. నా ఘనకార్యాన్ని ఆ రోజు ఎవరో వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంటర్వ్యూలో అదే చూపించారట.

"ప్రిన్సిపల్ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది, సూరీ. చివర్లో నేను నీ మెడ చూస్తున్నచోట వీడియో ఆపింది. ఇలాంటి పిల్లాడి మీద కూడా కోప్పడనివాడే మా పిల్లలకి కావాలంది."

"అంటే ఉద్యోగం..."

"వచ్చింది. మా ఆవిడ నీకు థాంక్స్ చెప్పమంది. నేను మాత్రం చెప్పను."

అందుచేత మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరి ఉద్యోగమూ ఊడగొట్టను, ఎవరికీ ఇప్పించను. ఎవరైనా నా చేతికి బంతి ఇస్తే, నిలబడ్డచోటే కింద పెట్టేసి దండం పెడతాను.