పసుపు పెట్టిన పొత్తిగుడ్డలు

ఆఫ్రికా పేరెత్తితే మా పేటలో ఇప్పటికీ కొందరు ముసలమ్మలు మూతి తిప్పుకుంటారు. ఆ ఖండం ఏ దిక్కున ఉందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. అయినా దాని మీద కోపం మాత్రం పచ్చిగా ఉంది. ఆ కోపాన్ని మాకు అంటగట్టిన పెద్దమనిషి పోయి చాలా కాలమైంది. ఆయన ఫోటోకి దండ వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. దండ వేశాను గానీ మనసులో ఉన్నది మనసులోనే ఉంది. ఇన్నాళ్లకు దాన్ని కాగితం మీద పెడుతున్నాను.

మాది విశాఖలో సముద్రం ఒడ్డున ఉన్న పేట. నాన్న, అన్నయ్య వేటకెళ్లేవారు. డిగ్రీ చదివి టైపు నేర్చుకున్న ఆడపిల్ల మా వీధిలో నేనొక్కదాన్నే. తొంభైల మధ్యలో ఒక సేవాసంఘంలో గుమాస్తాగా చేరాను. తూర్పు ఆఫ్రికాలో ఒక కొండపల్లెకి బడీ, చిన్న ఆసుపత్రీ నడపడం ఆ సంఘం పని. కార్యదర్శి గారిది గోదావరి జిల్లా. వయసులో ఉండగా ఆ పల్లెలో లెక్కల మాస్టారుగా చేసి వచ్చి, బంధువులంతా స్టీలు ప్లాంటులో ఉన్నారని కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నారు. ఆఫీసు మాత్రం పూర్ణా మార్కెట్ దగ్గర, ఒక బట్టల కొట్టు మీద గదిలో ఉండేది. పొద్దున్నే తలుపు తీస్తే కింది నుంచి ఉల్లిపాయల వాసన గుప్పుమనేది.

ఆయన్ని దొంగ అనను. బడి గదులు లేచాయి, పురుళ్ల గది లేచింది, అక్కడి పిల్లలకు టీకాలు పడ్డాయి. అదంతా నిజమే. ఆయన జబ్బు వేరు. చేసిన మంచిపనిని తాతలనాటి పొలంలాగా చూసుకునేవారు. అందులో ఎవరు అడుగుపెట్టాలో, ఎవరు గట్టు మీదే నిలబడాలో ఆయనే చెప్పాలి. అక్కడి నుంచి ఫోన్లు, ఉత్తరాలు అన్నీ ఆయన ఇంటికే వచ్చేవి. మాకు అందేది ఆయన చెప్పినంతే.

బడిపిల్లల బట్టలు, పుట్టిన బిడ్డని చుట్టే పొత్తిగుడ్డలు ఇక్కడ కుట్టించి ఓడలో పంపుదామనుకున్నప్పుడు మా వదిన పేరు చెప్పింది నేనే. అన్నయ్య భార్య. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లిచ్చిన కుట్టుమిషన్ ఆమెకి ప్రాణం. పేటలో తుఫానుకి తలదాచుకోవడానికి కట్టిన భవనం ఏడాదంతా ఖాళీగానే ఉంటుంది కదా, అందులో వదినా, ఆమె కూడగట్టిన ఆడవాళ్లూ మిషన్లు వేసుకు కూర్చున్నారు. ఎండుచేపల దగ్గర కాకులు తోలుకుంటూ కూర్చునే వాళ్లు ఒక్కసారిగా కుట్టుపనివాళ్లయిపోయారు. ఆ భవనంలో నవ్వులు రోడ్డు దాకా వినిపించేవి. మగాళ్లు వలలు బాగుచేసుకుంటూ, 'ఏటి బావా, మనాడోలు మనకి కూడెట్టడం మానేసినారు, ఆఫ్రికాకి గుడ్డలెడతన్నారు' అని ఒకళ్లతో ఒకళ్లు ఎకసెక్కాలాడుకునేవారు.

ఒకరోజు కార్యదర్శి గారు చూడడానికొచ్చారు. వదిన కుట్టిన అంచు వేలితో తడిమి చూసి మురిసిపోయారు.

"అక్కడి ఆడవాళ్లకి కుట్టు నేర్పడానికి ఒకరిని ఆరునెలలు పంపాలమ్మా. మీరు వెళ్లాలి. మీ గురించి ఆ ఆసుపత్రివాళ్లకి రాస్తాను, ఫోటో కూడా పంపుతాను" అన్నారు.

 ఆయన వెళ్లాక వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మీ, మనాడోలు పడవెక్కకూడదంటారు కదా. ఇమానం ఎక్కితే తప్పులేదు కదేటి?"

"ఇమానం గాల్లో పోద్ది వదినా. గంగమ్మకి దానితో పనేటి?"

అంతే, ఆమెకి పట్టపగ్గాల్లేవు. పాస్‌పోర్టు వచ్చిన రోజున దాన్ని పేటంతా తిప్పి చూపించింది. అన్నయ్య పైకి విసుక్కున్నాడు గానీ, సాయంత్రం ఐసు కొట్టు దగ్గర మా ఆవిడ ఆఫ్రికా వెళ్తోందని అందరికంటే గట్టిగా చెప్పింది అన్నయ్యే. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె ఊరు దాటింది లేదు. పొద్దున్నే మొగుణ్ణి సముద్రం మీదికి పంపి, ఒడ్డున నిలబడి ఎదురుచూడడమే ఆమె ఎరిగిన ప్రయాణం. ఆమెకు దక్కబోయే అసలు ప్రయాణం ఈ ఒక్కటే, అదీ తన చేతిపని వల్ల. అందుకే నాకూ గర్వంగా ఉండేది.

పొత్తిగుడ్డలన్నీ తెల్లవి. ఆసుపత్రి అంటే తెలుపే ఉండాలని కార్యదర్శి గారి పట్టుదల. కట్టలు కట్టే ముందు వదిన ఒక గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది. ప్రతి గుడ్డకీ ఒక మూల వేలితో పెట్టడం మొదలెట్టింది.

ఇందులో వింతేమీ లేదు. కొత్త గుడ్డ ఏదైనా మూల పసుపు పెట్టాకే మేము ఒంటిమీద వేసుకుంటాం. కొత్త వల నీళ్లలో దించినా, కొత్త పడవ తోసినా ముందు పసుపే. పసుపు తగలని కొత్త తెల్లగుడ్డ కప్పేది ఒకళ్లకే, వాళ్లని మోసుకెళ్లేటప్పుడు. "పురిటిగుంటల్ని ఉత్త తెల్లగుడ్డలో సుడతామేటి? నా సెయ్యి ఆడదు" అంది వదిన. నాకూ ఆడదు. ఆ భవనంలో ఎవరికీ అది తప్పన్న ఆలోచనే రాలేదు.

ఓడకి పంపేరోజు చిన్న సభ పెట్టారు. కార్యదర్శి గారి భార్య పట్టుచీరలో వచ్చింది. వదిన గిన్నె అందిస్తే ముచ్చటపడి ఆవిడా ఒక గుడ్డకి పసుపు పెట్టింది. పేపరువాళ్లు ఫోటో తీశారు. కార్యదర్శి గారు పక్కనే నిలబడి నవ్వుతున్నారు. 'శుభం' అని కూడా అన్నారు, నా చెవులతో విన్నాను.

కొన్ని నెలలు గడిచాయి. కుట్టాల్సిన కొత్త గుడ్డలు తీసుకెళ్లడానికి వదిన ఆఫీసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కార్యదర్శి గారు వస్తూనే కుర్చీలో కూలబడ్డారు.

"ఎంత పని చేశారమ్మా మీరంతా! ఆసుపత్రివాళ్లు కట్టలు విప్పి అవతల పారేశారట. మరకల గుడ్డలు, ఎవరో వాడి పారేసినవి మాకు పంపుతారా అని అడిగారు. నా తల కొట్టేసినట్టయింది."

"మరకేటి బాబూ! పసుపండది" అంది వదిన.

"మనకి పసుపు. వాళ్లకి మరక."

"అమ్మగారు కూడా ఎట్టినారు కదా బాబూ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ ఫోటో కోసం ఒక్కదానికి పెట్టింది. మీరు అన్నిటికీ పెట్టారు" అన్నారు.

ఇక ఆరునెలల ప్రయాణం సంగతి ఎత్తితే ఒట్టు. శుభ్రత తెలిసిన మనిషిని పంపమన్నారని చెప్పి ఆయన మేనకోడల్ని పంపారు. ఆ పిల్ల బట్టల డిజైనింగు ఏదో చదివింది, పై చదువుకి విదేశీ సేవ చేసినట్టు చూపించుకోవాలి. నెల తిరక్కుండానే అక్కడి నీళ్లు పడలేదని వచ్చేసింది. గుడ్డలు కుట్టే పని ఒక రెడీమేడ్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. తుఫాను భవనానికి మళ్లీ తాళం పడింది.

పేటంతా ఆఫ్రికాని తిట్టింది. 'మూల పసుపుకి ఇలవ తెలీనోల్లు' అన్నారు. 'మన సెయ్యి తగిల్తే మైలనుకున్నారేటి' అన్నారు. మమ్మల్ని చేపల కంపని ఊళ్లోవాళ్లు అనడం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. ఏడు సముద్రాల అవతలివాళ్లు కూడా అన్నారనేసరికి అందరికీ మండిపోయింది. వదిన తిట్టలేదు. పాస్‌పోర్టుని చీరల అడుగున పెట్టేసి, రొయ్యల కంపెనీలో చేరిపోయింది. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు పెట్టి రొయ్యల పొట్టు వలిచే పని. మిషను కొన్నాళ్లు గుడ్డ కప్పుకుని మూలన ఉంది. తర్వాత అన్నయ్య పడవ ఇంజను చెడితే అమ్మేశారు.

నేను మాత్రం ఆ ఉద్యోగం వదల్లేదు. ఇంట్లో నా జీతం అవసరం. పళ్లు కొరుక్కుంటూ టైపు కొట్టేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక సంఘం పెద్దదైంది. మధురవాడ వైపు కొత్తగా లేచిన ఒక కాలేజీ ఆడిటోరియంలో సభ పెట్టారు. ఆ పల్లె ఆసుపత్రి నర్సు మన ఊళ్లో శిక్షణకు వచ్చింది, ఆవిడకి సన్మానం. ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడితే నేను తెలుగులో చెప్పాలి. ఆ సంగతి వినగానే వదిన, "నన్నూ తీసుకెల్లు. మన గుడ్డలు ఒద్దన్న మనిసి మొకం ఓసారి సూడాలి" అంది. కంపెనీ నుంచి తిన్నగా వచ్చి నాతో బస్సెక్కింది. సభలో వెనక వరుసలో కూర్చుంది.

నర్సు నా ఈడుదే. గట్టి మనిషి, నెమ్మదైన గొంతు. తెచ్చిన కాగితం చూస్తూ కాసేపు టీకాల గురించి, బడి గురించి చెప్పింది. నేను ఆఫీసు తెలుగులో అప్పజెప్పాను. తర్వాత ఆవిడ కాగితం మడిచేసింది. ఒక మనిషికి కృతజ్ఞతలు చెప్పాలని వచ్చానంది.

"మూల పసుపు ఉన్న గుడ్డలు కుట్టినావిడ ఇక్కడ ఉన్నారా? ఫోటోలో చూశాను, మిషను ముందు కూర్చుని ఉన్నారు" అని అడిగింది.

 ఆవిడ ఇంగ్లీషులో చెప్పుకుపోతోంది. కార్యదర్శి గారు తల నా వైపు వంచారు. "ఇది అక్కర్లేదమ్మా, టైము లేదు. ధన్యవాదాలు చెప్పారని అనేయ్" అన్నారు, పెదవుల మీద నవ్వు చెదరకుండా.

ఆ నవ్వు చూశాక నాకు అంతా అర్థమైంది. ఒళ్లు భగ్గుమంది. మైకు పట్టుకుని, వెనక వరుసలో ఉన్న వదిన వైపే చూస్తూ చెప్పడం మొదలెట్టాను. ఆఫీసు తెలుగు ఎటు పోయిందో, నోట్లోంచి పేట మాటే వచ్చింది.

"వదినా, ఈవిడ సెప్తంది ఇను. నీ గుడ్డలు ఆలు పారీలేదంట. పసుపు ఆలకి తెలీపోడమేటి, కూరల్లో ఏసుకుంటారంట. ఎవులో తల్లి దీవిచ్చి పంపినాదనుకున్నారంట. పుట్టిన ప్రెతి గుంటనీ అందులోనే సుట్టినారంట. అవి సిరిగిపోనాక ఒట్టి తెల్లయి వచ్చినాయంట. పసుపుమూల గుడ్డలే పంపండని ఈ బాబుగారికి మూడుసార్లు రాసినారంట."

సభలో తలలన్నీ వెనక వరుస వైపు తిరిగాయి. నర్సుకి నా మాటలు అర్థం కాకపోయినా ఏదో జరిగిందని తెలిసింది. ఆగింది. 'ఆపకండి, చెప్పండి' అని నేను ఆవిడతో ఇంగ్లీషులో అన్నాను.

"నివ్వు వత్తావని ఈవిడ ఇంట్లోనే మంచం ఏసినారంట. నీ బదులు వచ్చిన పిల్ల టౌన్లో హోటల్లోనే దిగి, ఫోటోలు తీసుకుని ఎలిపోనాదంట. పసుపు గుడ్డలావిడ ఎనకాల వత్తాదని ఆ మంచం కాళీగానే ఉంచినారంట."

కార్యదర్శి గారు లేచి చప్పట్లు కొట్టారు. సభంతా కొట్టింది. ఆయనకి అంత తెలివుంది. ఆ కుట్టుపని మళ్లీ ఆ తల్లికే ఇస్తున్నామని మైకులో ప్రకటించేశారు కూడా. నాకు ఆయన్ని అక్కడే కడిగెయ్యాలనిపించింది. చప్పట్లలో నా నోరు ఎవరికి వినిపిస్తుంది?

నర్సు మెట్లు దిగి తిన్నగా వెనక వరుసకి వెళ్లింది. వదిన చేతులు పట్టుకోబోయింది. వదిన వాటిని కొంగు కింద దాచేసుకుంది.

"ఒద్దమ్మా, కంపు" అంది.

నర్సు ఊరుకోలేదు. కొంగు తీసి ఆ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ఐసుకి, ఉప్పుకి వేళ్ల సందులు ఒరుసుకుపోయి, గోళ్లు సగం ఊడి ఉన్నాయి. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, వీటికేం మందు రాస్తున్నారని అడిగింది.

"ఏటంటంది?" అంది వదిన. చెప్పాను.

"మందేటి! ఆ బాబుకి నివ్వే సెప్పీమ్మీ, ఈ ఏల్లకి సూది నిలబడదని."

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేనే కార్యదర్శిని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కూర్చున్నాను. దిగే స్టాపు దగ్గరపడుతుంటే నా వైపు తిరిగింది.

"ఆ మంచం ఎన్నాల్లు కాళీగా ఉంచినారో అడిగినావేటి?"

"లేదొదినా. అడగలేదు."

"అడగాల్సింది" అని, చేతులు మళ్లీ కొంగు కిందికి తీసుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.