నిరీక్షణ బురుజులో నీళ్ల ట్యాంకు

భవంతిని చూడవచ్చినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఒక గైడును ఉద్యోగంలోంచి తీసేశారు. సంజాయిషీ అడగలేదు. ఆమె చెప్పినదాంట్లో తప్పేమిటో ఉత్తర్వులో రాయలేదు. ‘సంస్థ ప్రతిష్ఠకు భంగం కలిగించారు’ అన్న ఒక్క వాక్యం చేతికిచ్చి, తాళంచెవుల గుత్తి వెనక్కి తీసుకున్నారు.

ఆ గుత్తి ఆమెకు మామగారి నుంచి సంక్రమించింది. పొలాల మధ్య ఒక సంపన్న కుటుంబం కట్టుకున్న ఆ భవంతిని ఇప్పుడు ట్రస్టు నడుపుతోంది. మామగారు బతికినంతకాలం అక్కడ గైడు. ఆయన పోయాక ఉద్యోగంతో పాటు ఆయన చెప్పే కథ కూడా కోడలికి దక్కింది. భవంతి ఎడమపక్క ఒక ఎత్తైన బురుజు ఉంది. దూరదేశం వెళ్లిన యజమాని కోసం ఆయన భార్య పై గది కిటికీలో నిలబడి దారి చూసేదని ఆ కథ. ట్రస్టు దానికి ‘నిరీక్షణ బురుజు’ అని బోర్డు పెట్టింది. కొత్త దంపతులకు ఫొటోల కోసం అద్దెకు ఇవ్వసాగింది. కోడలు ఏళ్ల తరబడి ఆ కథనే పొల్లుపోకుండా అప్పజెప్పింది.

భవంతికి సెలవైన రోజున ఆమె అత్తగారిని వెంటబెట్టుకుని బస్సెక్కి, తెరిచి ఉన్న మరో భవంతికి వెళ్లేది.

“వంటమనిషి సెలవు పెట్టి ఇంకోళ్ల వంటింట్లో కూర్చున్నట్టుంది నీ సరదా,” అనేది అత్తగారు. అంటూనే టిఫిను డబ్బా సర్దుకుని ముందు బయల్దేరేది.

అలా తిరుగుతూ, అక్కడి గైడులను అడుగుతూ, గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేస్తూ ఆమె కట్టడాలను చదవడం నేర్చుకుంది. ఏ భవంతికి వెళ్లినా ముందు పెరటివైపు గోడ చూసేది. వీధివైపు గోడకు ప్రతి తరం కొత్త పూత పూస్తుంది; పెరటి గోడను ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఇటుక సైజు మారితే కట్టిన కాలం మారినట్టే. తలుపు మూసేసినా దాని మీది కమాను గోడలో మిగిలే ఉంటుంది.

ఒక భవంతిలో అచ్చం తమదాన్ని పోలిన బురుజు కనిపించింది. దాని పై గది నిండా ఒక ఇనప ట్యాంకు.

“నీళ్ల బురుజమ్మా ఇది,” అన్నాడు అక్కడి గైడు. “మేడమీద స్నానాల గదుల్లోకి నీళ్లు రావాలంటే ట్యాంకు వాటికన్నా ఎత్తులో ఉండాలిగా. బయటికి కనపడితే నామోషీ. అందుకని చుట్టూ బురుజు కట్టేసేవాళ్లు.”

తిరుగు బస్సులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

“ఏంటే, బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావ్?”

“మనదీ నీళ్ల బురుజేనేమో అత్తయ్యా.”

“అంటే మీ మావయ్య అబద్ధాలకోరంటావ్.”

“నేననలేదు. రేపు వెళ్లి చూద్దాం రండి.”

మర్నాడు జనం రాకముందే ఇద్దరూ పైకెక్కారు. గది నేల కింద దూలాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మనుషులు నిలబడటానికి అంత బలం అక్కర్లేదు. గోడ చుట్టూ ఒకే ఎత్తున తుప్పు మరక. మూలలో గొట్టం పట్టే రంధ్రం, సున్నంతో పూడ్చి ఉంది. కిటికీ కింద ఫొటోల కోసం ట్రస్టు వేసిన చెక్కమెట్లు ఉన్నాయి. కోడలు వాటిని పక్కకు లాగింది. అత్తగారు వెళ్లి కిటికీ కింద నిలబడింది. కిటికీ అడుగు అంచు ఆవిడ తలకన్నా పైన ఉంది. ట్యాంకు మీద గాలి ఆడటానికి పెట్టిన కిటికీ అది.

“ఆ మహాతల్లి నిచ్చెనేసుకుని ఎదురుచూసిందా?” అంది అత్తగారు.

తర్వాత చెక్కమెట్ల మీద కూలబడింది. “ఈ కథ ముందు నాకే చెప్పాడాయన, పెళ్లైన కొత్తల్లో. మొగుడి కోసం చూడ్డానికి ఇంత ఎత్తెందుకు, గుమ్మం చాలదా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.”

“ఇప్పుడు నన్నేం చెప్పమంటారు?”

“ఉన్నది చెప్పు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. పోయినాయనకి పోయే ఉద్యోగం లేదు. నీకుంది.”

కోడలు ముందు మేనేజరు దగ్గరికే వెళ్లి బోర్డు మార్చమంది.

“ప్రేమకథ వల్ల ఎవరికమ్మా నష్టం?” అన్నాడాయన.

“కింద గదిలో పనిచేసినవాళ్లకి సార్.”

బురుజు కింది గదిలో చేతిపంపు బిగించిన దిమ్మె ఇంకా ఉంది. దాని ముందు రాతి నేల రెండు పాదాల ఆకారంలో అరిగి గుంటపడింది. మేడమీద ఒకరు స్నానం చేయడానికి కింద కొందరు అక్కడే నిలబడి తరాలపాటు నీళ్లు కొట్టారు. ట్రస్టు అమ్ముకుంటున్న కథలో వాళ్లు లేరు.

బోర్డు మారలేదు. ఆమె మాత్రం అప్పట్నుంచి కింది గదితోనే మొదలుపెట్టింది. మామగారు చెప్పిన కథ చెప్పేది, గోడల మీది ఆనవాళ్లు చూపించేది, మీరే తేల్చుకోండి అనేది. ఒక కొత్త పెళ్లికూతురు అది విని, “అయితే మనం ట్యాంకులో నిలబడి ఫొటోలు దిగామా!” అని పగలబడి నవ్వింది. పెళ్లికొడుక్కి నవ్వు రాలేదు. ఆయన ఇచ్చిన ఫిర్యాదే ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

ట్రస్టు సభ్యులారా, ఆమె చెప్పినదాంట్లో ఏ మాట అబద్ధమో రాతపూర్వకంగా చూపండి. చూపలేకపోతే ఉత్తర్వు రద్దు చేసి, తాళంచెవులు ఆమె చేతికి తిరిగివ్వండి, బోర్డు మార్చండి, కింది గదిలో నీళ్లు కొట్టినవారి సంగతి దాని మీద రాయండి. నిర్ణయానికి మీరు సమావేశం కావలసింది మీ ఆఫీసు గదిలో కాదు, ఆ బురుజు పై గదిలో. ముందుగా చెక్కమెట్లు పక్కకు లాగి మీ అధ్యక్షులవారిని కిటికీ కింద నిలబెట్టండి. దారి కనబడుతోందో లేదో ఆయన నోటితోనే చెప్పించండి.