రెండు మూతుల వైరు

ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో శశికళ కంప్యూటర్లు బాగుచేస్తుంది. అంగడి తెరిచిన కొత్తలో, ఆడమనిషి స్క్రూలు విప్పుతుంటే చూడ్డానికి జనం నిలబడేవాళ్లు. 2008 నాటికి ఆ వింత తీరిపోయింది. ఇప్పుడు పని ఉన్నవాళ్లే వస్తారు. పెళ్లికి ముందు పుట్టింట్లో పదేళ్లు మగ్గం నేసిన చేయి ఆమెది. యంత్రాన్ని ముట్టుకునే ముందు, దాన్ని తెచ్చినవాళ్లను మాట్లాడనిస్తుంది. సగం జబ్బు ఆ మాటల్లోనే దొరుకుతుందని ఆమె నమ్మకం.

ఆ రోజు పదింటికి రామలింగప్ప, భార్య బసమ్మతో కలిసి వచ్చాడు. ఆయన చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఊళ్లో ముప్పై మగ్గాలు ఆయన పువ్వుల మీదే నడుస్తాయి. కాగితాల మీదున్న పాత డిజైన్లను, తండ్రి గీసినవాటితో సహా, రెండేళ్లు కూర్చుని కంప్యూటరులోకి ఎక్కించాడు. అది నిండిపోతే అన్నిటినీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి మార్చాడు. చెదలు పట్టాయని కాగితాలు కాల్చేశాడు. ఇప్పుడు ఆ డిస్కును కంప్యూటరు గుర్తించడం లేదు.

“కర్నూలుకు తీస్కపోయినాడమ్మా,” అంది బసమ్మ. “ఫార్మాట్ చేస్తే బాగైతాదంట. అంటే ఏందని అడిగితే, లోపలుండేదంతా తుడిచేస్తారంట. డబ్బా బాగయితాది, మనం పోతాం.”

“నువ్వు ఊరుకో.”

“నేనూరుకున్నింటే ఆ పొద్దే తుడిపించుకోని వచ్చుంటివి.”

శశికళ చేయి చాపింది. “ఇట్లియ్యి మామా. ఈడ ఎవురూ ఏమీ తుడిచేది లేదు.”

డిస్కును తన కంప్యూటరు ముందువైపు తగిలించింది. దాని చిన్న దీపం వెలిగింది. తగిలించిన వస్తువేమిటో తెలియడం లేదని తెర మూలన ఒక మాట వచ్చింది. ఆమె దాన్ని పట్టించుకోకుండా డిస్కును చెవికి ఆనించుకుంది. లోపల పళ్లెం తిరగబోయి ఆగుతోంది. టిక్కు. మళ్లీ టిక్కు.

రామలింగప్ప ఆమె మొహాన్నే చూస్తున్నాడు. “పాయెనా?”

“లేదు మామా. కిందపడి పాడయింటే గరగరమంటాది. ఇది లేయాలని చూస్తాండాది, బలం చాలడం లేదు.”

దాన్ని ముందువైపు నుంచి తీసి, వెనకవైపు తగిలించింది. దీపం కాస్త ఎక్కువసేపు నిలిచింది, అంతే. పక్క బల్ల మీది కంప్యూటరుకు పెట్టినా అదే వరస. అంటే తప్పు కంప్యూటరుది కాదు. ఇక మిగిలినవి డిస్కు, వైరు.

“కడసారి పనిచేసిన దినానికీ ఈ పొద్దుకీ నడుమన ఏం మారింది?”

“ఏమీ మారలేదు. నేనేమీ చేయలేదు.”

ఆమె వైరును ఒక కొస నుంచి వేళ్ల మధ్య జార్చుకుంటూ వచ్చింది, పడుగులో తెగిన పోగును వెతికినట్టు. ఒకచోట బొటనవేలు ఆగింది. చిన్న బుడిపె. దాని మీద నల్లదారం దగ్గర దగ్గరగా చుట్టి, కొసలు కనబడకుండా లోపలికి దోపి ఉంది. చూసేవాళ్లకు వైరు అట్లాగే వచ్చిందనిపిస్తుంది. మగ్గం ఎక్కినవాళ్లకు మాత్రం అది ఎవరి చేతి పనో తెలుస్తుంది.

“మామా, ఈడ ఇంకో పాయ ఉండ్లా? చివర ఇట్లాంటిదే ఇంకో మూతి?” కంప్యూటరుకు గుచ్చే కొసను చూపించింది.

“ఉండె. అన్నీ ఎక్కించేటప్పుడు రెండూ గుచ్చింటి. తర్వాత ఉత్తగా వేలాడతాంటే కత్తిరించినా.”

బసమ్మ తల కొట్టుకుంది. “పోగు వేలాడితే ఈ మనిషికి కన్ను నిలవదు తల్లీ! పోయిన నెల పెండ్లిలో అయ్యవారి కండువ కొసలు గూడా కోసినాడు.”

“ఒకదానికే దీపం వెలుగుతాంటే రెండోది ఎందుకనుకుంటి,” అన్నాడు రామలింగప్ప.

“దీపానికి ఒకటి చాలు. పళ్లెం తిరగాలంటే రెండు మూతుల కరెంటూ కావాల. అయినా అతుకు శానా బాగా ఏసినావు మామా. కర్నూలాయప్ప కనుక్కోలేకపాయె అంటే ఆయప్ప తప్పు గాదు.”

అది పొగడ్తో వాతో రామలింగప్పకు అర్థం కాలేదు.

ఆమె సొరుగులోంచి రెండు మూతుల వైరు ఒకటి తీసి, రెండింటినీ వెనకవైపు గుచ్చింది. డిస్కు సన్నగా, ఎడతెగకుండా మోగింది. తెర మీద వరసలు తెరుచుకున్నాయి. చిలుక, తేరు, మామిడిపిందె, నాయన ఒకటి, నాయన రెండు. మొత్తం ఆరు వందల పదకొండు.

రామలింగప్ప లేచాడు. “ఇంక ఇచ్చేయి పాపా, పోతాం. మగ్గాలు ఖాళీగా ఉండాయి.”

“కూచ్చో మామా. నా కంప్యూటరులోకి ఒకసారి, సీడీల్లోకి ఒకసారి ఎక్కించినాకనే ఇది గడప దాటేది. ఒక్కచోటుంటే దాన్ని ఉండాదనరు.”

ఆమె గొంతులో బతిమాలడం లేదు, కోపం లేదు. ఆయన కూర్చున్నాడు. కాసేపటికి ‘నాయన ఒకటి’ చూపించమన్నాడు. గళ్ల మీద జొన్నకంకి అంచు విచ్చుకుంది. ఆయన తెర మీద వేలు పెట్టి, కింది మూల నుంచి కంకి వంపు దాకా ఒక్కో గడీ లెక్కపెట్టాడు. తెరను ముట్టుకుంటే శశికళ ఎవరినైనా కసురుతుంది. ఈసారి కుర్చీ పక్కకు జరుపుకుని ఆయనకు చోటిచ్చింది.

“నలభై రెండు. సరిగ్గా ఉండాది.”

“ఇంకా ఆరునూర్ల పది ఉండాయి,” అంది బసమ్మ. “అన్నీ లెక్కపెడతావా?”

“పెడతా,” అని రామలింగప్ప తర్వాతి దాన్ని తెరవమన్నాడు.